చాపరాయి జారుడుబండ



మన భాషలో జారుడుబండ యను మాట యొకటి కలదు. బడి యావరణలలోను, పట్టణపు పార్కులలోను ఇనుపరేకుతోనో ప్లాస్టిక్కుతోనో అమర్చిన జారుడును చూపి పిల్లలు నేటికిని దానిని జారుడుబండ యనియే పిలుచుచున్నారు. అందులో బండ యెక్కడ నున్నది? రాయి పోయి రేకు వచ్చినను, రేకు పోయి ప్లాస్టిక్కు వచ్చినను, మాట మాత్రము తన పుట్టింటిని మరువలేదు. ఊరివెలుపలి గుట్టమీద, ఏనుగువీపువలె నున్ననైన రాతిపై, తాటిమట్టనో చెట్టుకొమ్మనో వేసికొని కూర్చుండి, జఱ్ఱున క్రిందికి జారిన తరతరముల పిల్లల సంతోషము ఆ మాటలో దాగియున్నది. అటువంటి బండకు నీరు కూడ తోడై, క్రింద నొక మడుగు అమరి, చుట్టును అడవి కాపుగా నిలిచినచో ఎట్లుండునో చూడగోరువారు అల్లూరి సీతారామరాజు జిల్లాలో డుంబ్రిగుడ సమీపమున నున్న చాపరాయికి పోవలెను. నేటి ప్రసంగమున మిమ్ము నక్కడికి తీసికొనిపోదలచినాను. అంతియేకాదు, నీటిలో దిగుటకు ముందు గట్టుమీద మిమ్ము కొంతసేపు నిలిపి ఒక మాట చెప్పదలచినాను.

కార్తికమాసము వనభోజనముల కాలము. ఉసిరిచెట్టు నీడను విస్తళ్లు పరచుకొని ఇంటిల్లిపాదియు ఒక పూట గడపు ఆ యాచారమును మన పూర్వులు ఏ యుద్దేశముతో ఏర్పరచిరో కాని, దానివలన సంవత్సరమున కొక్కమారైనను మనిషికి చెట్టుతో నున్న చుట్టరికము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. కొన్ని యేండ్లక్రిందట విశాఖపట్టణమున నున్న మా అక్కయ్య, ఈమారు వనభోజనము ఊరి తోటలో గాక అరకు కొండలలో జరుగవలెనని నిశ్చయించినది. అక్కయ్య, బావగారు, పదునాలుగేండ్ల మేనల్లుడు, నేను కిరండూలు పోవు పాసింజరు బండిని ఉదయముననే ఎక్కితిమి.

బైలదిల్లా గనులలోని ఇనుపఖనిజమును సముద్రతీరమునకు చేర్చుటకై 1960లలో వేసిన దారి యది. శృంగవరపుకోట దాటినది మొదలు బండి కొండ నెక్కుట కారంభించును. ఆ మార్గమున యాభైకి మించిన సొరంగములు కలవు. మునుగుచు తేలుచు పోవు ఈతగానివలె బండి చీకటిలో మునిగి వెలుతురులో తేలుచుండగా, ప్రతిసారియు ఆ వెలుతురులో కొండ ఇంకొంత పచ్చనై, గాలి ఇంకొంత చల్లనై ఎదురుపడును. బొఱ్ఱా గుహలు, శిమిలిగుడ గడచి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులోయలో దిగునప్పటికి, ఉదయము ఏ ఉక్కపోతలో బయలుదేరితిమో ఆ ఉక్కపోత వేరొక దేశపు ముచ్చటయని తోచును.

అరకునుండి పాడేరు పోవు దారిలో సుమారు 15 కిలోమీటర్లు పోయినచో చాపరాయి వచ్చును. ఆ దారి ఆ కాలమున చూడదగినది. ఇరువైపుల వలిసె చేలు పూచి, పసుపు ఆరబోసినట్లు వాలుల వెంట పరచుకొని యుండును. పిడికెడు గింజలు గానుగలో వేసి నూనె తీయుటకై గిరిజన రైతు వేసికొన్న పైరు, దారిని పోవువానికి కన్నుల పండువ యగుచున్నది. ఆవల సిల్వరోకు చెట్లు నిట్టనిలువుగా నిలిచియుండును; వాని మ్రాకులను చుట్టి మిరియపు తీగెలు, వాని నీడలో కాఫీ మొక్కలు. కాఫీపండ్లు ఎఱ్ఱబారుచున్న రోజులవి. వీపునకు బుట్ట తగిలించుకొని, కొమ్మను వంచి, పండినదానిని మాత్రము వ్రేళ్లతో ఎంచి కోయుచున్న స్త్రీలను చూచుచు మేము సాగితిమి.

చాపరాయి కంటబడుటకు ముందు చెవినిబడును. మోటారు ఆపి దిగినంతనే, చెట్లవెనుకనుండి ఏకస్వరమున వచ్చు నొక శబ్దము వినవచ్చినది; అది జలపాతపు గర్జన గాదు; విసనకఱ్ఱలు వందలకొలది ఒక్కమారు వీచినట్టి సవ్వడి. ఉత్తరాంధ్రమున వాగును గెడ్డ యందురు. ఆ గెడ్డ అడవిలో రాళ్లసందున సణుగుకొనుచు వచ్చి, ఉన్నట్టుండి ఒక విశాలమైన బండమీదికి చేరి, చాపవలె పరచియున్న ఆ రాతిమీద తానును చాపవలె పరచుకొనును. చాపవంటి రాయి కనుక చాపరాయి. పేరు పెట్టినవాడు కవియో కాపుదనపువాడో తెలియదు కాని, అంతకన్న సరియైన పేరు ఇంకొకటి ఆ చోటికి పొసగదు. ఒకచోట జానెడు లోతున, ఒకచోట చీలమండ తడియునంత పలుచగా, రాతి నునుపంతయు కనబడునట్లు నీరు జారిపోవును. పిమ్మట బండ వాలెక్కును, నీరు వేగమందుకొనును, ఆ చివర నల్లని గుండములలోనికి తెల్లని నురుగై దిగును.

ఈ చాపను నేసినవా డెవడు? ఆ కథ బహుదీర్ఘమైనది. ఈ తూర్పుకనుమలలో విస్తారముగా కనిపించు రాయికి ఖొండలైటని పేరు. 1902లో వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కొండలలో నివసించు ఖోండుల పేరిట దానికి ఆ పేరు పెట్టినాడు. రాజుల పేరిట ఊళ్లు, దొరల పేరిట వీధులు వెలయుట చూచుచున్నాము. ఒక గిరిజన జాతి పేరిట రాయి వెలయుట, ఆ రాయి పేరు ప్రపంచమందలి శాస్త్రగ్రంథములన్నిటికిని ఎక్కుట నా కెంతయు ఉచితముగా తోచును. ఈ కనుమల రాళ్లలో పెక్కు 100 కోట్ల యేండ్లక్రిందట భూగర్భమున, మనము ఊహింపజాలని వేడిమిలోను ఒత్తిడిలోను ఉడికి గట్టిపడినవి. పైనున్న కొండల బరువు కాలక్రమమున వానలకు గాలులకు అరిగి కొట్టుకొనిపోగా, అడుగుననున్న రాయి, నెత్తిమీది మోపు దించిన కూలివానివలె, ఒడలు విరుచుకొని కొంత పైకి లేచును. అట్లు విరుచుకొన్నప్పుడు దానిలో నేలకు సమాంతరముగా బీటలు కలిగి, ఉల్లిపొరలవలె పలకలు పలకలుగా విడును. చాపరాయివంటి బండలు ఇట్లు పరచుకొనినవి.

పలక యేర్పడినంతమాత్రమున అది నునుపెక్కదు. నునుపుచేయు పని నీటిది; కాని నీ రొంటరిగా ఆ పని చేయజాలదు. కమ్మరికి ఆకురాయి యెట్లో నీటికి ఇసుక యట్లు. వానకాలమున గెడ్డ పొంగినపుడు, పైనుండి కొట్టుకొనివచ్చు ఇసుక రేణువులు కోట్లకొలది ఆ బండపై రాసికొనుచు పోవును. ఒక్క రేణువు ఒక్క వానకాలమున చేయు పని మన కంటి కానదు. వేయి వానకాలముల పని చేతికి తగులును.

మా మేనల్లుడు గట్టుననున్న రాతిలో గుండ్రని గుంట యొకటి చూచి నన్ను పిలిచినాడు. అది మూరెడు వెడల్పున, చేయి పట్టునంత లోతున, వడ్రంగి చిత్రికపట్టినంత నున్నగా నున్నది. నీరు నిలిచి ఆకాశము కనబడుచున్నది. చొక్కా చేయి భుజముదాక మడచి వాడు లోపల వెదకి, కోడిగ్రుడ్డుకన్న కొంచెము పెద్దదైన గులకరాయి నొకదానిని తీసినాడు. ఎచ్చటను ఒక్క కోణము లేదు. అరచేతిలో పెట్టినచో దొర్లిపోవుచున్నది. "ఎవరో చెక్కి పెట్టినట్టుంది మామయ్యా!" అన్నాడు. నేను చెప్పితిని: ఇది రోలు, నీ చేతిలోనిది పొత్రము. వరదలో కొట్టుకొనివచ్చిన రాయి యొకటి చిన్న గుంటలో చిక్కుకొనును. సుడి దానిని గుండ్రముగా త్రిప్పును. తిరిగి తిరిగి అది గుంటను లోతుచేయును, గుంట దానిని గుండ్రముచేయును. ఒక పొత్రము అరిగి ఇసుకయై పోవునప్పటికి మరియొకటి వచ్చి పడును. మన యిండ్లలో రోలును చేసినపిదప పొత్రమును వెదకుకొందుము. ఇచ్చట పొత్రమే తన రోలును తొలిచికొన్నది. వాడు ఆ రాతిని తువాలుతో తుడిచి జేబులో వేసికొనెను. నేను వలదనలేదు.

బావగారును వాడును స్నానమునకు సిద్ధపడి, నీరు మిక్కిలి అందముగా వాలిపోవుచున్న యొకచోట దిగబోవుచుండగా, వెనుకనుండి "ఆగండి బాబూ" అన్న మాట వినవచ్చినది. తలపాగా చుట్టుకొని, చంకలో కఱ్ఱ పెట్టుకొని, తన మేకలను అవతలి గట్టున విడిచి వచ్చిన పెద్దాయన యొకడు మావైపు చూచుచుండెను. "దిగొద్దననండి. ముందర ఆకేసి సూడండి" అన్నాడు.

మాకు బోధపడలేదు. ఆయన మా భోజనముల మూటలోనుండి అడ్డాకు నొకదానిని అడిగి తీసికొనెను. అడ్డతీగ ఆకు మీరు చూచియుందురు. వెడల్పై, నడుమ చీలి, రెండు దొప్పలుగా కనబడునట్టిది. దానితోనే ఈ కొండలలో విస్తళ్లు కుట్టుదురు. తాను నిలిచినచోట నీటిమీద ఆకును మెల్లగా విడిచెను. అది వాలు వెంట జఱ్ఱున పోయి, నురుగులో ఒక్కమారు తలక్రిందులై, మడుగులో తేలి, తిన్నగా ఇసుకగట్టు చేరి ఆగినది. "ఇక్కడ పరవాలేదు" అన్నాడు. తరువాత నాలుగు బారల దూరము నడచి, బావగారు దిగబోయిన చోటనే మరియొక ఆకును విడిచెను. అదియు అట్లే జారినది. ఆ నీటికిని ఈ నీటికిని పైకి భేదమేమియు కనబడలేదు. కాని క్రింద నురుగు చేరగనే అది గిఱ్ఱున తిరిగి, నిలువుననే మునిగినది. మేము చూచుచుంటిమి. మేనల్లుడు లోలోపల లెక్కపెట్టుచున్నట్లు వాని పెదవులు కదలుచుండెను. ముప్పదియారు లెక్కించిన తరువాత, మడుగునకు ఆ కొనను, సగము చినిగిన ఆకు పైకి వచ్చినది.

"ఆకు కాబట్టి వచ్చిందండి" అన్నాడు పెద్దాయన. అంతకుమించి ఒక్క మాటయు చెప్పలేదు.

శ్రోతలారా, ఆ మాట వినగనే నా మనస్సు నా చిన్నతనమునకు పోయెను. నేను గోదావరి డెల్టాలో పెరిగినవాడను. 1852లో కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిన తరువాత ఆ సీమను పాలించుచు వచ్చినవి కాలువలే. మాకు ఈత నేర్పిన బడులును ఆ కాలువలే. ఎండిన సొరకాయ బుఱ్ఱలు వీపునకు కట్టుకొని దిగి, కొన్నాళ్లకు బుఱ్ఱలు విప్పివేసి, మేము చేపలమే యైతిమని నమ్మినవారము. ఒక వేసవి మధ్యాహ్నమున, పెద్దలు వలదన్న లాకు దిగువను, తలుపులసందునుండి నీరు తెల్లగా ఉరుకుచున్నచోట నేను దూకితిని. పైకి లేచితిననుకొన్న ప్రతిసారియు ఏదో నన్ను మరల ఆ గోడవైపునకే లాగినది. చేతులాడించితిని, కాళ్లాడించితిని; నురుగు నోట నిండినదే కాని ఒడలు తేలలేదు. లాకు కాయు లస్కరు పొడవైన వెదురుగడ నందించి నన్ను గట్టునకు లాగినాడు. కొట్టలేదు, తిట్టలేదు. తువాలు నా మీద పడవేసి, "నీకు ఈత వచ్చని నీళ్లకు తెలవదురా అబ్బాయ్" అన్నాడు. గోదావరి గట్టున ఆ లస్కరు చెప్పినదియు, చాపరాయి గట్టున ఈ పెద్దాయన చెప్పినదియు ఒక్కటే మాట.

దాని కారణమును తరువాత చదివి తెలిసికొంటిని. ఎత్తునుండి దిగిన నీరు అడుగునకు పోయి, ముందుకు పోవుటకు బదులు కొంత వెనుకకు తిరిగి, తాను దిగినచోటికే మరల వచ్చును. గానుగ చుట్టు తిరుగు ఎద్దువలె అది అక్కడనే తిరుగుచుండును; అందు చిక్కిన వస్తువును తనతోపాటు త్రిప్పుచుండును. ఇక నురుగనగా నీరు గాదు, నీరును గాలియు కలిసిన పదార్థము. వట్టి నీరు మోసినంత బరువును అది మోయజాలదు. కనుక తెల్లగా, మెత్తగా, పిలుచుచున్నట్లు కనబడుచోటనే ఈతగాని చేతులకు పట్టు దొరకదు. తేటనీరు సైతము కంటిని మోసగించును: నీటినుండి వెలువడు కిరణము వంగుటచేత, నాలుగడుగుల లోతు పైనుండి చూచువానికి మూడడుగులుగా కనబడును. వేగము రెట్టింపైనచో నీటి తాకిడి నాలుగింతలగును. కావుననే మోకాలిలోతు ప్రవాహము బలిష్ఠుని సైతము పడద్రోయగలదు. బండమీది పచ్చని నాచు అడుగు నిలువనీయదు. ఇన్నిటికిని మించి, ఇచ్చట ఎండ కాయుచుండగనే ఎగువ కొండలలో వాన కురిసినచో, ఆ వార్త మనకు నీటిద్వారానే, నీటితోపాటే అందును.

మన పూర్వుల కీ సంగతి తెలియనిది గాదు. మన పురాణేతిహాసములలో అడవి మడుగు వచ్చినచోటనెల్ల దాని యడుగున ఏదో యొకటి కాచుకొని యుండుట గమనింపుడు. యమున మడుగులో కాళియుడు. గజేంద్రుడు దిగిన కొలనులో మకరి. అరణ్యవాసమున పాండవులు దప్పిగొని చేరిన కొలనుదగ్గర యక్షుడు. ఎఱ్ఱాప్రగ్గడ తెలుగుచేసిన అరణ్యపర్వశేషమున వచ్చు ఆ యక్షుని కథ ఎరుగని తెలుగువాడుండడు. నీటికి ముందు తన ప్రశ్నలకు బదులు చెప్పుమని యక్షుడు హెచ్చరించినను, నకులసహదేవులు, అర్జునుడు, భీముడు తమ దప్పినే విని, ఆ కంఠమును వినక, గట్టుననే పడిపోయిరి. ధర్మరాజు దప్పిని ఆపుకొని నిలిచెను. నలుగురు తమ్ములు కోల్పోయినది నీటివలన గాదు, తొందరవలన. ధర్మరాజు వారిని తిరిగి పొందినది విద్యచేతనేయైనను, ఆ విద్యకు సమయ మొసగినది ఆయన నిలిచిన ఆ నిలుకడయే. చాపరాయి గట్టున కఱ్ఱ చంకబెట్టుకొని నిలిచిన పెద్దాయనను చూచినపుడు, ఆ ప్రశ్న వేయువాడు నేటికిని మన యడవులలో నున్నాడనియు, అతని గొంతు కొంచెము మెత్తనిదై యుండుటచేత మనము వినకపోవుచున్నామనియు నాకు తోచినది.

ఆ విధముగా నిలిచి, ఆకును అడిగి, ఆయన చూపినచోట మేము దిగితిమి. ఆ సంతోషమును గూర్చి చెప్పకపోయినచో ఈ ప్రసంగము అసత్యమగును. బండమీద కూర్చున్నంతనే చలి వెన్నెముక వెంట మెడదాక ప్రాకెను. కాళ్లు ముందునకు చాచి, చేతులు ఒడిలో ముడిచి, ఒడలిని నీటికి అప్పగించినంతనే, మొదట ఏమియు జరుగలేదు. రాతికిని నాకును నడుమ నీరు పలుచని పట్టువలె జొరబడుటను మాత్రము ఎరిగితిని. మరుక్షణమున చెట్లన్నియు ఒక్కపెట్టున పైకి పరుగెత్తినవి. బండమీది చిన్న మిట్టలు, పల్లములు, ఏ యేటి వరద ఏ మలుపు చెక్కినదో ఆ చరిత్రయంతయు, వీపు క్రిందుగా దొరలి పోయినది. ఆపైన మడుగు, చెవులలో ఒక్క క్షణము గాఢమైన నిశ్శబ్దము, కాలికి ఇసుక తగిలి పైకి లేచునప్పటికి, ఇసుకగట్టున మొదటి ఆకు ఆగినచోటనే నేనును ఉంటిని. మేనల్లుడు ఎన్నిమారులు జారెనో లెక్క లేదు. ఏబదియైదేండ్ల బావగారు మూడవమారు ఎక్కుచుండగా, అక్కయ్య గట్టుననుండి పిలిచి పిలిచి విసిగి, తుదకు తానును చీరచెంగు నడుమున దోపుకొని, చీలమండ లోతున కూర్చుండి, కాళ్లమీదుగా నీటిని పోనిచ్చుచు, చిన్నపిల్లవలె నవ్వినది. ఎండకు కాగిన పొడిరాతిమీద వెల్లకిల పండుకొన్నపుడు, అడుగునుండి రాతి వెచ్చదనము, పైనుండి ఆకుల నీడలు. మధ్య మనిషికి కావలసిన దింకేమియు లేదనిపించినది. అడ్డాకులలో పులిహోర, దధ్యోజనము ఆరగించితిమి. దూరమున చేతులు వీపులవెనుక పెనవేసికొని స్త్రీలు ధింసా ఆడుచుండిరి. డప్పుల మోతయు గెడ్డ మోతయు ఒకదాని నొకటి మించక సాగుచుండెను.

కాని ఆ చోటనే ప్రాణములు పోయిన సందర్భములు కలవు. వారు తుంటరులు గారు, మూర్ఖులు గారు. మనవంటివారు, మన పిల్లలవంటివారు. అడుగుటకు ఎవరును దొరకనివారు. సముద్రముల కావల, అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రపు పిస్గా అడవిలో స్లైడింగ్ రాక్ అను జారుడుబండ యొకటి కలదు. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు సెలవులలో పిల్లలను తీసికొని అక్కడికి పోవుట వాడుకయే. 60 అడుగుల పొడవున నీరు జారి, క్రింద సుమారు 8 అడుగుల లోతు మడుగులో పడును. వేసవి నెలలలో అక్కడ పగటివేళ ప్రాణరక్షకులు కాపుండుదురు. పట్టుకొని ఎక్కుటకు కమ్ములుండును. మన చాపరాయికి వలసినదియు అంతకన్న ఎక్కువేమియు గాదు. ఆ గెడ్డను పుట్టినప్పటినుండి ఎరిగిన పల్లెల యువకులకు తర్ఫీదు నిచ్చి, జీతమిచ్చి, త్రాటితోను గడతోను గట్టున నిలిపినచో చాలును. ఏ నెలలో ఏ చోట దిగవచ్చునో, ఎక్కడ దిగరాదో వారికన్న బాగుగా చెప్పగలవారు లేరు. ఆ పెద్దాయన విద్య ఆయనతోనే పోకుండ నిలుచుటకును అదియే దారి.

ఇంకొక మాట. ఈ నీరు మన విహారముతో ఆగిపోదు. దిగువ పల్లెలలో దానితో వరి పండింతురు, గొడ్లను తడుపుదురు. వట్టికాళ్లతో, వట్టి ఒడలితో జారవలసిన బండమీద గాజుసీసా పగులగొట్టి పోయినవాడు, తన వెనుక వచ్చు పసిపిల్లవాని పాదమున కత్తి నాటి పోవుచున్నాడు. ఆనాడు మేము గట్టున చూచిన పగిలిన సీసాల పెంకులను మేనల్లుడు ఒక్కొక్కటి ఏరి సంచిలో వేయుచుండగా, పెద్దాయన మేకలను విడిచి వచ్చి, వానితోపాటు వంగి ఏరినాడు.

నదిలో పాదము మోపుటకు ముందు నీటిని చేతితో తీసి శిరస్సున చల్లుకొను ఆచారము మనలో నున్నది. తలకోనలో ధారక్రింద నిలుచువారును, ఫాల్గుణ పౌర్ణమినాడు శేషాచలపు అడవిలో నడచి తుంబురు తీర్థమునకు పోవువారును ముందట ఆ పనిచేసినపిదపనే దిగుదురు. పుణ్యముకొఱకని చేయువారు చేయుదురు గాక. చాపరాయిని చూచినపిదప నాకు అందులో ఇంకొక యర్థము కనబడుచున్నది. నీటిని తలపై చల్లుకొనుటకు మనిషి వంగవలెను, వంగుటకు ఆగవలెను, ఆగినపుడు కన్ను నీటిని చూచును, చేయి దాని చలిని వేగమును ఎరుగును. పెద్దాయన ఆకు విడుచుట, భక్తులు నీరు చల్లుకొనుట ఒకే విద్యకు రెండు రూపములు. పర్వతముల నడుమ నీటిని కలిసికొనుటకు పోవువాడు పెద్దల యింటికి పోయినట్లు పోవలెను: గడపలో ఒక్క క్షణము నిలిచి, లోపలికి రావచ్చునాయని అడిగి, రమ్మన్న పిమ్మట ప్రవేశింపవలెను. అడిగి ప్రవేశించినవానికి ఆ యింట దొరకని సుఖము లేదు.

పొద్దు వాలినది. కొండనీడ బండ సగమునకు ప్రాకి, నీటి మెరుపు ఒక్కొక్క పాయగా ఆరిపోవుచున్నది. మోటారు ఎక్కబోవుచు మేనల్లుడు ఆగి, "ఒక్క నిమిషం మామయ్యా" అని వెనుకకు పరుగెత్తెను. గట్టున ఆ గుంటదగ్గర మోకరించి, జేబులోని గుండ్రాయిని తీసి, చేయి భుజముదాక ముంచి, మెల్లగా దాని చోట దానిని ఉంచి వచ్చెను. ఎందుకని మేమడుగలేదు. "అది లేకపోతే రోలు అక్కడే ఆగిపోతుంది కదా" అని వాడే చెప్పెను.

వచ్చు ఆషాఢమున గెడ్డ పొంగినపుడు ఆ పొత్రము మరల తిరుగనారంభించును. మన మనుమల మనుమలు ఆ గట్టున నిలిచి, ఆకు వేసి చూచి, ఇంకొంచెము నునుపెక్కిన ఆ బండపై జారుదురు.